ఆర్పెజియో సాధన (జాజ్ గిటారు)

ఆర్పెజియో అనగా ఒక కార్డ్‌లోని స్వరాలను ఒకేసారి కాక, ఒకదాని తరువాత ఒకటిగా పలికించడం. హార్ప్ వాద్యానికి ఇటాలియన్ పేరైన "ఆర్పా" నుండి ఈ పదం వచ్చింది. జాజ్ గిటారు వాద్యంలో కార్డుల మార్పును అనుసరిస్తూ అప్పటికప్పుడు సంగీతం కల్పించడానికి ఈ సాధన పునాది వంటిది.

== అవసరం ==
కర్ణాటక సంగీతంలో మనోధర్మం మారని శ్రుతిపై, ఒక రాగం పరిధిలో సాగుతుంది. దాటు వరుసలు స్వరాలను దాటడం నేర్పినా ఆధార షడ్జమం మారదు. జాజ్‌లో కార్డ్ మారినప్పుడల్లా ఆధారం మారుతుంది. ఒక కార్డ్‌పై నిలకడగా వినిపించిన స్వరం తరువాతి కార్డ్‌పై అసంపూర్తిగా తోచవచ్చు. అందువలన తోడు వాద్యం లేకున్నా కార్డుల మార్పు శ్రోతకు తెలిసేలా వాయించడం ఈ సాధన లక్ష్యం.

== ఉదాహరణ ==
జాజ్‌లో తరచుగా వచ్చే వరుసలలో ఒకటి డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. సి స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే వీటి స్వరాలన్నీ ధీరశంకరాభరణంలోనివే.
* డి మైనర్ 7: రి, మ, ధ, స
* జి 7: ప, ని, రి, మ
* సి మేజర్ 7: స, గ, ప, ని

మొదటి కార్డ్‌లోని "స" ఒక్క మెట్టు దిగితే రెండవ కార్డ్‌లోని "ని" అవుతుంది. రెండవ కార్డ్‌లోని "మ" ఒక్క మెట్టు దిగితే మూడవ కార్డ్‌లోని "గ" అవుతుంది. కార్డుల మార్పును చెవికి స్పష్టంగా తెలియజేసేవి ఈ చిన్న కదలికలే.

== సాధన క్రమం ==
# ఒక్కొక్క కార్డ్ స్వరాలను మూలస్వరం నుండి ఆరోహణ, అవరోహణలలో నెమ్మదిగా వాయించాలి.
# మూలస్వరంతోనే కాక, మూడవ, ఐదవ, ఏడవ స్వరాలతో కూడా మొదలుపెట్టాలి.
# కార్డ్ మారినప్పుడు మూలస్వరానికి తిరిగి పోక, అతి దగ్గరలోని స్వరానికి చేరాలి. మెట్రోనోమ్‌తో లయ తప్పకుండా చూసుకోవాలి.
# తరువాత కార్డ్ స్వరానికి ఒక మెట్టు కింది స్వరాన్ని ముందు చేర్చి వాయించాలి.

రెండవ, మూడవ దశలను విడిచినవారి వాద్యం ఎంత వేగంగా ఉన్నా పాఠం అప్పజెప్పినట్లే ఉంటుంది.

== చరిత్ర ==
1939లో శాక్సోఫోన్ విద్వాంసుడు కోల్‌మన్ హాకిన్స్ రికార్డు చేసిన "బాడీ అండ్ సోల్" కార్డుల ఆధారంగా సాగే కల్పనకు ప్రసిద్ధమైన ఉదాహరణ. గిటారులో జాంగో రైన్‌హార్ట్ (1910-1953), చార్లీ క్రిస్టియన్ (1916-1942) ఈ పద్ధతిలో ప్రముఖులు. 1959లో జాన్ కోల్‌ట్రేన్ "జెయింట్ స్టెప్స్"లో కార్డులను అతి వేగంగా మార్చాడు. అదే సంవత్సరం వెలువడిన మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" తక్కువ కార్డులతో, స్వరశ్రేణులపై నిలిచే మార్గాన్ని చూపింది.

పాలకొల్లులో జన్మించిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014), జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి "రిమెంబర్ శక్తి" బృందంలో వాయించాడు.

== ఇవి కూడా చూడండి ==
* గిటారు
* ధీరశంకరాభరణం
* మాండలిన్ శ్రీనివాస్