ష్లెస్విగ్ సరిహద్దు - ఓట్ల లెక్కింపు ప్రమాణము

స్వయంనిర్ణయాధికారమనగా ప్రజలు తాము ఏ రాజ్యమున నుండవలయునో తామే నిర్ణయించుకొనుట. కాని, ఆ ప్రజలు ఎచ్చటినుండి ఎచ్చటివరకు గలవారు అను ప్రశ్నకు సమాధానము ఓట్ల పెట్టె తెరచుటకు ముందే సిద్ధమగుచుండును. దీనిని పరిశీలించుటకు మేము డెన్మార్కు, జర్మనీల నడుమనున్న ష్లెస్విగ్ సీమను గైకొంటిమి.

1864 నాటి యుద్ధమున డెన్మార్కు ఈ సీమను గోల్పోయెను. ఉత్తర ష్లెస్విగ్ ప్రజల యభిప్రాయము నడుగుదుమని 1866 నాటి ప్రాగ్ సంధిలోని ఐదవ ప్రకరణము వాగ్దానము చేసెను. 1878లో ప్రష్యా, ఆస్ట్రియాలు ఆ ప్రకరణమునే రద్దుచేసికొనెను. ఎవరికొరకు ఆ వాగ్దానము చేయబడెనో వారి నడిగినవారు లేరు.

తుదకు వెర్సేల్స్ సంధి ననుసరించి 1920లో ప్రజాభిప్రాయ సేకరణము జరిగెను. సీమను రెండు మండలములుగా విభజించిరి. ఫిబ్రవరి 10న మొదటి మండలమున ఓట్లన్నింటిని ఒక్కరాశిగా లెక్కింపగా, నూటికి 75 డెన్మార్కునకు వచ్చెను. మార్చి 14న రెండవ మండలమున ఊరివారిగా లెక్కించిరి. అచ్చట నూటికి 80 జర్మనీకి వచ్చెను. ఈ లెక్కింపు భేదమే ముఖ్యము. టోండర్ పట్టణమున నూటికి 76 మంది జర్మనీని గోరిరి. ఆబెన్రా, సోండర్‌బోర్గ్ పట్టణములందును జర్మన్ పక్షమునకే ఆధిక్యము వచ్చెను. అయినను మూడును డెన్మార్కున జేరెను. రెండవ మండలమున ఫ్యోర్ ద్వీపమందలి మూడు పల్లెలు డెన్మార్కును గోరియు జర్మనీలోనే నిలిచెను. వీరి ఓట్లు చెల్లకపోలేదు. చెల్లినవి, లెక్కకును వచ్చినవి. తమ యూరికి మాత్రము అక్కరకు రాలేదు.

ఒక్కరాశిగా లెక్కింపవలయునని 1918 నవంబరులో కోరినవారు డేనిష్ ఉద్యమకారులే. అయినను దీనిని వంచన యనుట తొందరపాటు. ఆబెన్రా, సోండర్‌బోర్గ్‌లు డేనిష్ పల్లెల నడుమనున్నవి. టోండర్ మాట వేరు. అది క్రొత్త సరిహద్దు చెంతనే యున్నది.

ఈ చిక్కు తెలుగువారికి క్రొత్తది కాదు. 1953లో బళ్లారి జిల్లాను తాలూకాలవారిగా పంచిరి: ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రమునకు వచ్చెను, బళ్లారి తాలూకా మైసూరునకు బోయెను. నాలుగేండ్లకే, మదరాసు సరిహద్దున పటాస్కర్ గ్రామమును ప్రమాణముగా గైకొనెను. తత్ఫలితమైన మార్పులు 1960 ఏప్రిల్ 1న అమలునకు వచ్చెను. రాష్ట్రముల సరిహద్దు, దేశముల సరిహద్దు ఒకటి గావు. కాని తాలూకాయా, గ్రామమా యను ప్రశ్న రెండింటను ఒకటియే.

ష్లెస్విగ్ సరిహద్దు నేటికిని 1920 నాటిదే. 1955 మార్చి 29న బాన్, కోపెన్‌హేగన్ ప్రభుత్వములు వేర్వేరు ప్రకటనలు గావించెను. ఒకడు తాను ఏ జాతివాడనని చెప్పుకొనునో అది యతని యిష్టము, అధికారులు దానిని విచారింపరాదు అని వాని సారము. టోండరులో జర్మన్ పాఠశాలయు, ఫ్లెన్స్‌బర్గులో డేనిష్ పాఠశాలలును ఇప్పటికిని నడచుచున్నవి.