పుణ్యం కన్నా ముందు వేడినీళ్లు

బిహార్‌లోని రాజగీర్‌లో వైభారగిరి కింద ఉబికే వేడినీళ్లకు ఈనాడు బ్రహ్మకుండమని, సప్తధారలని పేర్లు. తీర్థం గనకే జనం మునుగుతున్నారని మనం అనుకుంటాం. పాత ఆధారాలు చూస్తే వరస తిరగబడుతుంది. జనం ముందు ఒళ్లు కడుక్కున్నారు, పుణ్యం తర్వాత వచ్చి చేరింది.

పాళీ గ్రంథాలు ఈ ఊటను తపోద అన్నాయి. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెప్పే కథలో మగధరాజు బింబిసారుడు తలస్నానానికి అక్కడికి వెళ్తాడు. నీళ్లలో భిక్షువులు ఉంటే, వారి స్నానం కానిమ్మని పక్కన ఆగుతాడు. వాళ్లు చీకటి పడేదాకా లేవరు. రాజు స్నానం ముగిసేసరికి కోట తలుపులు మూసేస్తారు, ఆ రాత్రి ఆయన సొంత నగరం బయటే ఉండిపోతాడు. సంగతి విన్న బుద్ధుడు భిక్షువులను మందలించి, పదిహేను రోజులకు ఒకసారి మించి స్నానం కూడదంటాడు. ఆ తర్వాత ఎండాకాలం, జబ్బు, పని, ప్రయాణం, గాలివాన మినహాయింపులుగా చేరాయి. నియమం కన్నా సడలింపులే పొడుగు! కథ జరిగిందో లేదో పక్కన పెట్టినా, దాన్ని కూర్చినవాళ్లకు తపోద అంటే రాజూ సన్యాసీ వంతు కోసం ఆగే స్నానాల రేవే. బుద్ధుని ఉపదేశాల సంకలనం మజ్ఝిమ నికాయంలో సమిద్ధి అనే భిక్షువు తెల్లవారుజామున అక్కడికి వెళ్లిందీ ఒళ్లు కడుక్కోవడానికే. ఈ రెండు చోట్లా పుణ్యం మాటే లేదు.

స్నానంతో పాపం పోతుందని బౌద్ధులు ఒప్పుకోరు కదా, వాళ్ల మౌనం సాక్ష్యమెలా అవుతుందని అడగవచ్చు. ప్రశ్న గట్టిదే. కానీ ఈ విషయంలో వాళ్లు మౌనంగా లేరు. అదే నికాయంలోని వత్థూపమ సుత్తం పాపాలు కడగలేని తీర్థాలను పేరుపేరునా ఎత్తిచూపుతుంది. గయ ఉంది, ప్రయాగ ఉంది, సరస్వతి ఉంది. మగధ రాజధాని రాజగీర్ గుమ్మంలోని తపోద లేదు. అప్పటికే అది పేరుమోసిన తీర్థమైతే ఆ జాబితాకు ఎక్కకుండా ఉండేదా?

7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వచ్చేసరికి గాలి మారింది. దీర్ఘరోగులు ఇక్కడ మునిగి కోలుకుంటున్నారని రాస్తూనే, నీళ్లు బౌద్ధ గాథల్లోని అనవతప్త సరస్సు నుంచి నరకాల పక్కగా వస్తూ కాగాయన్న కథనూ ఆయన చేర్చాడు. నిజానికి ఇక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. కొండల పగుళ్లలోంచి లోతుకు దిగిన వాననీరే భూగర్భపు వేడికి కాగి పైకి వస్తోంది. ఆ వేడికి ఎవరి కారణం వారు చెప్పుకున్నారు. ఇప్పుడు అధిక మాసం మేళాకు హిందువులు బ్రహ్మకుండానికి వస్తారు. సూఫీ గురువు మఖ్దూం షర్ఫుద్దీన్ పేరు మీద అదే ఊళ్లో మఖ్దూం కుండ్ ఉంది.