న్యూయార్కు నగరపు జంట సంగీతకర్తలు



మన నాటకరంగమున హార్మోనియము లేని పద్యమును ఊహించుటయే కష్టము. అయినను 1940వ సంవత్సరమున అఖిల భారత రేడియో ఆ వాద్యమును తన ప్రసారములనుండి బహిష్కరించెను. మెట్టు నొక్కినంతనే పలుకు యంత్రమున గమకమెట్లు పలుకునని విద్వాంసుల యాక్షేపణ. ఆ నిషేధము పెక్కేండ్లు నడచెను. యంత్రమును చూచి సంగీతజ్ఞులు శంకించుట క్రొత్తగాదు. నాకును చిరకాలమట్టి శంకయే యుండెడిది: పరుల రికార్డులనుండి ముక్కలు కత్తిరించి, మీటలు నొక్కి పాట కట్టువాడు సంగీతకర్త యెట్లగును? ఈ శంకను కొంతవరకు తీర్చినది న్యూయార్కునందలి యిరువురి చరిత్రము. దానినే నేడు మనవి చేయుచున్నాను.

ముందుగా వారి సంగీతము పుట్టిన తీరు చెప్పవలెను. 1970 తరువాతి దశాబ్దమున అమెరికా నృత్యశాలలలో డిస్కో యను సంగీతము ప్రబలెను. దానిని పెంచినవారిలో నల్లజాతివారును, స్పానిషు భాష మాటలాడువారును పెక్కురు. 1979 జూలై 12వ తేదీన చికాగో నగరపు క్రీడామైదానమున, వేలకొలది జనుల యెదుట, డిస్కో రికార్డులను రాశిపోసి మందుగుండుతో ప్రేల్చిరి. ఆ సంగీతము చచ్చినదని పలువురు తలచిరి. అది చావలేదు. అదే నగరమున వేర్‌హౌస్ అను నృత్యశాలలో ఫ్రాంకీ నకిల్స్ అనునాతడు అట్టి రికార్డులనే పొడిగించియు, మార్చియు వినిపించుచుండెను. ఆ శాల పేరునుండియే 'హౌస్' అను నామము వచ్చెనని చెప్పుదురు. నిమిషమునకు సుమారు 120 దెబ్బలు, ప్రతి దెబ్బకును పెద్ద డోలుపై సమానమైన పోటు, ఇది దాని నడక. 1986లో చికాగోవాడే యైన లారీ హెర్డ్ ఆ నడకకు మృదువును గంభీరమును నగు స్వరసమూహములను జోడించెను. ఆ శాఖకు 'డీప్ హౌస్' అని పేరు.

ఇక న్యూయార్కు జంట కథ. లూయీ వేగా 1965లో ఆ నగరమునందలి బ్రాంక్స్ పేటలో జన్మించెను. తండ్రి సాక్సఫోను వాద్యకారుడు. మేనమామ హెక్టర్ లావో సాల్సా గానమున సుప్రసిద్ధుడు. కెన్నీ గొంజాలెజ్ 1970లో బ్రూక్లిన్ పేటలో పుట్టెను. ఇరువురి పూర్వులును ప్యూర్టోరికో ద్వీపమువారు. ఆ ద్వీపవాసులకు 1917లో అమెరికా పౌరసత్వము లభించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము వారిలో లక్షలకొలది జనులు బ్రతుకుతెరువునకై ఓడలును విమానములును ఎక్కి అమెరికా నగరములకు చేరిరి. వారితోడనే వారి డోళ్లును పాటలును వచ్చెను.

కెన్నీ తన పేటలోని వేడుకలలో రికార్డులు వేయుచు, తన మిత్రబృందమునకు 'మాస్టర్స్ ఎట్ వర్క్', అనగా పనిలోనున్న నిపుణులు, అని పేరిడుకొనెను. టాడ్ టెర్రీ అను మిత్రుడు ఆ పేరును ఎరవు తీసికొని రెండు రికార్డులు వెలువరించెను. 1990 ప్రాంతమున కెన్నీని లూయీతో కలిపినవాడును అతడే. అట్లు ఎరవుపోయిన పేరు తిరిగి వచ్చుటయే గాక, వెంట ఒక సహచరునిగూడ తెచ్చెను.

కెన్నీ వాడిన యంత్రము ఎస్పీ-1200. 1987లో వెలువడిన ఆ యంత్రమున పది సెకండ్ల ధ్వని మాత్రమే పట్టును. ఒక డోలు దెబ్బ, ఒక తాళపు మ్రోత, ఒక పలుకు. ఇందులో దేనినుంచవలెనో, దేనిని విడువవలెనో యెరుగుటయే అచ్చటి విద్య. పరుల పాట తమ చేతికి వచ్చినప్పుడు, గాత్రమును మాత్రముంచి దాని క్రింది వాద్యమంతయు క్రొత్తగా కట్టుట వీరికి పరిపాటి. రికార్డు కంపెనీలు ఈ పనికై వీరిని విరివిగా నాశ్రయించెను.

కథ ఇంతటితో ముగిసినచో నేను వీరినిగూర్చి మాటలాడియుండను. పూర్వుల ధ్వనిని కత్తిరించి వాడికొని, వారికి పేరును ప్రతిఫలమును ఈయని సందర్భములు ఈ సంగీతచరిత్రమున లేకపోలేదు. వీరు వేరొక త్రోవ పట్టిరి. న్యూయార్కునందలి ప్యూర్టోరికో సంతతివారిని 'న్యూయోరికన్' అందురు. 'న్యూయోరికన్ సోల్' అను పేర వీరు 1997లో ఒక సంపుటము వెలువరించిరి. అందు యంత్రముల ప్రక్కన కూర్చున్నవారెవరు? 1923లో పుట్టి, అప్పటికి ఏడుపదులు దాటిన టింబాలే వాద్యనిపుణుడు టీటో పుయెంటే. పియానోపై ఎడ్డీ పాల్మియేరీ. వైబ్రఫోనుపై రాయ్ ఎయర్స్. గిటారుతోను గాత్రముతోను జార్జి బెన్సన్. వీరితోపాటు విన్సెంట్ మోంటానా. ఈయన డిస్కో కాలమున సాల్సోల్ వాద్యబృందమును స్థాపించిన పెద్ద. 1977లో ఆ బృందము వెలువరించిన 'రనవే' అను పాటనే ఈ జంట ఇండియా యను గాయనిచే మరల పాడించిరి. చికాగోలో మందుగుండుతో ప్రేల్చిన సంగీతపు జాతియే సుమారు ఇరువదియేండ్లకు ఇట్లు గౌరవముతో తిరిగి వచ్చెను.

ముక్కలు కత్తిరించి పని గడుపుకొనగలవారు, ఆ ముక్కలను మొదట వాయించిన తరమువారిని వెదకికొనిపోయిరి. నాకు తోచినంతవరకు వీరి గొప్పతనమిదియే.

2006లో లూయీకి పునఃకల్పనకుగాను గ్రామీ బహుమానము లభించెను. కాని బహుమానముకంటె కాలము నాకు ముఖ్యముగ తోచుచున్నది. పుయెంటే 2000లోను, మోంటానా 2013లోను, ఎయర్స్, పాల్మియేరీలు 2025లోను గతించిరి. ఆ పిలుపు కొన్నియేండ్లు ఆలసించియున్నచో, పుయెంటే దెబ్బ ఆ సంపుటమున చేరియుండెడిదికాదు.

మన గ్రామములందును డప్పు, డోలు, సన్నాయి చేతబట్టిన వృద్ధులు గలరు. వారి వాద్యమును పట్టు యంత్రము నేడు ప్రతి బాలుని జేబులోను గలదు. యంత్రము చెడ్డదో మంచిదో తేల్చుటకుముందు, ఆ బాలుని ఒకమారు ఆ వృద్ధుని యరుగుపైకి తోడ్కొనిపొండు. తక్కిన సంగతి వారిరువురును చూచుకొందురు.