గిలాదు గుగ్గిలము, మేయాపిల్ బంక

"జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణే కదా, మింగితే క్యాన్సర్ గడ్డ కరగదా, కీమో ఎందుకు?" అని కొందరు అడుగుతున్నారు. గిలాదు గుగ్గిలమును గూర్చి యిర్మీయా అడిగిన మాట మనకు తెలుసు. చెట్టు బంక మందు అన్నది అంత పాత సంగతి. అయితే బంక క్యాన్సర్ మందైన చరిత్ర మనం చదివింది అమెరికా అడవుల్లో మొదలైంది.

అక్కడ మేయాపిల్ అనే చిన్న మొక్క ఉంది. దాని వేరును ఆదివాసులు విరేచనానికి వాడేవారు. వేరు నుండి తీసే బంక పేరు పొడోఫిలిన్. 1942లో ఒక వైద్యుడు దాన్ని పులిపిర్లపై పూసి నయం చేశాడు. కణం రెండుగా చీలకుండా అది అడ్డుపడుతుందని 1946లో తేలింది. క్యాన్సర్ అంటే ఆగకుండా చీలే కణాలే గదా! కానీ ఆ బంక విషం, మింగితే ప్రాణాపాయం. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దాన్ని మార్చి మార్చి 1966లో ఎటోపోసైడ్ చేశారు. అమెరికాలో అనుమతి దొరికింది 1983లో. అంటే మరో 17 ఏళ్లు! ఈనాడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకానికి, వృషణాల క్యాన్సర్‌కు డాక్టర్లు ఇచ్చే కీమోలో అదీ ఒకటి.

ఇక సాంబ్రాణి. మన అడవుల్లోని అందుగు చెట్టు దానికి వరసకు చుట్టం. జర్మనీలో మెదడు కణితి ఉన్న 44 మందిలో కొందరికి ఆ బంక మందు, మిగతావారికి ఉత్తి మాత్ర ఇచ్చి, ఫలితాలు 2011లో ప్రచురించారు. బంక తీసుకున్నవారిలో మెదడు వాపు బాగా తగ్గింది. రేడియేషన్ మాత్రం ఎవరికీ మానలేదు.