కోడిపిల్లల్లో కత్తెర ముక్కు

కోడి పైముక్కు, కిందిముక్కు ఒకదానిమీద ఒకటి కుదురుగా కూర్చోకుండా చెరో పక్కకు తిరిగిపోవడాన్ని కత్తెర ముక్కు లేదా వంకర ముక్కు అంటారు. కొన్ని పిల్లల్లో గుడ్డులోంచి బయటికి రాగానే ఇది కనిపిస్తుంది. చాలావాటిలో మొదట్లో ముక్కు మామూలుగానే ఉండి, రోజులు, వారాలు గడిచేకొద్దీ వంకర తేలుతుంది. ఇలాంటి పిల్లకు ప్రాణం మీదికి తెచ్చేది వంకర కాదు, ఆకలి. తొట్టి నిండా మేత ఉంటుంది, పిల్ల రోజంతా పొడుస్తూనే ఉంటుంది, లోపలికి వెళ్లేది మాత్రం కొంచెమే. అందువల్ల సంరక్షణలో మొదటి పని ముక్కును సరిచేయడం కాదు, మేత పెట్టే తీరును మార్చడం.

ముక్కు, మేత

ముక్కు లోపల ఎముక, పైన కెరటిన్ తొడుగు ఉంటాయి. ఆ తొడుగు కోడి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటుంది. మామూలు కోడి నేలను పొడవడం, తిన్నాక మూతిని రాయికో మొద్దుకో రుద్దుకోవడం, రెండు కొనలూ ఒరుసుకోవడం వల్ల పెరిగినంత మేరా అరిగిపోతుంది. కత్తెర ముక్కులో కొనలు కలవవు కాబట్టి అరుగుదల తక్కువ. చిన్న వంకర కూడా పోనుపోను పెద్దదయ్యేది ఇందుకే.

కోడి గింజను రెండు కొనల మధ్య పట్టి, తల విదిలించి గొంతులోకి వేసుకుంటుంది. కొనలు కలవని పిల్ల చదునైన నేల మీద నుంచి ఒక్క నూకను కూడా పట్టలేదు. మన పెరళ్లలో నూకలు, చోళ్లు నేల మీద చల్లే అలవాటు దీనికి అన్నిటికన్నా చేటు చేస్తుంది. అదే పిల్ల లోతైన గిన్నెలో ముక్కు ముంచితే కిందిముక్కుతో తోడుకుని తినగలదు.

కారణాలు

వంశపారంపర్యంగా వచ్చేది ఒకటి. చైనాలోని బీజింగ్-యూ, స్విట్జర్లాండ్‌లోని అపెంజెల్లర్ బార్ట్‌హూన్ జాతుల్లో కత్తెర ముక్కు కనిపిస్తుండటంతో పరిశోధకులు జన్యువుల కోణంలో దాన్ని పరిశీలించారు. పొదిగే దశలో వేడి ఎక్కువైనా ముక్కు లోపాలు రావచ్చు. గాలి తిరిగే ఇంక్యుబేటర్లలో సాధారణంగా 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. తల్లికోడి మేతలో బయోటిన్, ఫోలిక్ ఆమ్లం, మాంగనీసు వంటివి కొరవడితే పిండం ఎముకల పెరుగుదల దెబ్బతింటుంది. పుట్టాక తగిలిన దెబ్బ, లేయర్ ఫారాల్లో ముక్కు కొనలు కత్తిరించేటప్పుడు జరిగే పొరపాటు కూడా ముక్కును వంకర తిప్పగలవు.

విషపదార్థాలు, వైరస్‌ల సంగతి అడవి పక్షుల్లో బయటపడింది. 1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కెస్టర్‌సన్ జలాశయం దగ్గర నీటిపక్షుల పిండాలు కళ్లు లేకుండా, ముక్కులు వికృతంగా తయారై కనిపించాయి. పొలాల నుంచి వచ్చి చేరిన మురుగునీటిలోని సెలీనియం దానికి కారణమని తేలింది. అలాస్కాలో 1990ల చివరి నుంచి నల్లటోపీ చికడీ పిట్టల ముక్కులు విపరీతంగా పొడుగు సాగడం మొదలైంది. ఆ జబ్బుతో సంబంధమున్న పొయెసివైరస్‌ను 2016లో గుర్తించారు. పెరటి కోడిపిల్ల ముక్కు వంకరకు ఈ రెండింటినీ కారణంగా చెప్పనక్కర్లేదు.

వంకరగా ఉన్న ప్రతి ముక్కూ లోపం కాదు. ఆంధ్రలో ముద్దుగా పెంచి పోటీలకు తీసుకెళ్లే చిలకముక్కు పుంజుల ముక్కు పొట్టిగా, కిందికి వంగి ఉంటుంది. అది ఏరికోరి నిలబెట్టుకున్న లక్షణం. చలి దేశాల అడవుల్లోని క్రాస్‌బిల్ పిట్ట సంగతి ఇంకా విడ్డూరం. దాని పిల్ల తిన్నని ముక్కుతోనే పుడుతుంది, ఎదిగేకొద్దీ కొనలు అడ్డంగా దాటుకుంటాయి. దేవదారు జాతి చెట్ల కాయల పొలుసులు విడదీసి లోపలి గింజ తీయడానికి దానికి ఆ ముక్కే పనిముట్టు. కోడికి అలాంటి పని లేదు.

పోషణ

పొడి మేతలో గోరువెచ్చని నీళ్లు కలిపి, పసిబిడ్డకు పెట్టే గుజ్జన్నమంత మెత్తగా చేసి పెట్టడం మేలైన పద్ధతి. గుళికల మేతయితే పొడి చేసుకోవాలి. మొదటి వారాల్లో సుమారు 20 శాతం మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్ కావాలి. ఉత్త నూకలు, తవుడుతో మామూలు పిల్ల పెరట్లో పురుగూ పుట్రా ఏరుకుని నెట్టుకొస్తుంది, ఈ పిల్లకు ఆ దారి మూసుకుపోయింది. ఉడికిన గుడ్డు చిదిమి కలపవచ్చు. పల్లెల్లో కోడిపిల్లలకు పెట్టే చెదలను దీనికి నేల మీద దులపకుండా గిన్నెలో వేయాలి.

గిన్నె బరువుగా, లోతుగా, పిల్ల రొమ్ము ఎత్తులో ఉండాలి. ముక్కు మునిగేంత మేత ఎప్పుడూ అందులో ఉండాలి, అడుగున పలుచగా పరిస్తే ప్రయోజనం లేదు. నిపుల్ నీటి గొట్టాలు దీనికి పనికిరావు. తల ముంచగల గిన్నె పెట్టి, చిన్న పిల్ల మునిగిపోకుండా అందులో గులకరాళ్లు వేయాలి. తడి మేత మన ఎండలకు తొందరగా పులుస్తుంది. బూజు పట్టిన మేతలోని అఫ్లాటాక్సిన్ పిల్లలను చంపగలదు. రెండు మూడు గంటలకోసారి మిగిలింది పారబోసి గిన్నె కడగడం వేసవిలో తప్పని చాకిరీ.

తోటి పిల్లలు దీనికన్నా చురుగ్గా తినేస్తాయి కాబట్టి మేత వేళకు వేరు చేయాలి. రోజంతా ఒంటరిగా పెట్టడం మాత్రం మంచిది కాదు, ఒంటరి పిల్ల బెంగతో అరుస్తూ మేత ముట్టదు. మొదటి వారం 35 డిగ్రీల దగ్గర వేడి అందించి, వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించే మామూలు పద్ధతే దీనికీ వర్తిస్తుంది. సరిగా తినని పిల్లకు చలి మరింత త్వరగా పట్టేస్తుంది.

ఎంత తిన్నదో కంటికి తెలియదు, చేతికి తెలుస్తుంది. మెడ మొదట్లో ఉండే మేతసంచి సాయంత్రానికి నిండుగా, తెల్లవారేసరికి ఖాళీగా తగలాలి. వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకు బరువు చూడటం అంతకన్నా నమ్మకమైన పద్ధతి. పిల్ల వయసులో బరువు పెరగకుండా నిలిచిపోయినా తగ్గినట్టే లెక్క.

ముక్కు అరగదీయడం

చిన్న పిల్ల ముక్కు జోలికి పోకపోవడమే మంచిది. పెరిగాక కొనలు పొడుగు సాగి తినడానికి అడ్డం వచ్చినప్పుడు గోళ్ల ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయాలి. గోళ్ల కత్తెరతో తుంచితే కెరటిన్ పొరలు చీలే ప్రమాదముంది. ముక్కులో దాదాపు చివరి దాకా స్పర్శ నరాలు, రక్తనాళాలు ఉంటాయి. కొనకు వెనక నుంచి టార్చి వేస్తే రక్తం పారే భాగం ముదురుగా కనిపిస్తుంది. దాని దాకా పోకూడదు. నెత్తురు చిమ్మితే కార్న్‌ఫ్లోర్ అద్ది అదిమి పట్టుకోవాలి. కోడిని తువ్వాలులో చుట్టేటప్పుడు రొమ్మును బిగించకూడదు. మనకున్నట్టు ఊపిరికి తోడ్పడే విభాజక పటలం కోడికి లేదు, రొమ్ము ఎముక కదిలితేనే దానికి శ్వాస ఆడుతుంది.

టేపు చుట్టడం, దారం కట్టడం, జిగురు పూయడం వంటి ఇంటి ప్రయోగాలు చేయరాదు. నోరు తెరవలేని కోడి తినలేదు సరే, వేడికి రొప్పి ఒళ్లు చల్లార్చుకోనూ లేదు. చిలకజాతి పిల్లల్లో ఎముక ముదరకముందే పక్షి వైద్యులు ప్రత్యేకమైన అమరికలతో ముక్కును దారికి తెస్తారు. కోడిలో పుర్రె ఎముకే వంగి ఉంటే పైన ఏం చేసినా తిన్నబడదు.

ఇతర జాగ్రత్తలు

ముక్కు కోడికి దువ్వెన కూడా. తోక మొదట్లోని నూనె గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పూసుకోవడం, పేలు ఏరుకోవడం కత్తెర ముక్కు కోడికి చేతకాదు. రెక్కల కింద, తోక చుట్టూ తరచూ ఈకలు విడదీసి చూడాలి. పొడి మట్టి, బూడిద కలిపిన గుంటలో పొర్లనిస్తే పేలు అదుపులో ఉంటాయి. నోట్లో అంటుకున్న మేత కుళ్లి పుండు పడకుండా తడి గుడ్డతో తుడవాలి, రొమ్ము ఈకలకు అంటిన తడి మేతను కూడా ఎండకముందే తీసేయాలి.

వంకర తక్కువగా ఉన్న పెట్టలు ఇంతపాటి సాయంతో ఏళ్ల తరబడి బతికి గుడ్లు పెడతాయి. నోరు అసలు మూతపడక నాలుక ఎండిపోతున్నా, లోతు గిన్నె పెట్టినా మేతసంచి ఖాళీగానే ఉంటున్నా పశువైద్యుడికి చూపించాలి. బాగుపడే వీలు లేదని ఆయన చెబితే నొప్పి లేకుండా ప్రాణం తీయించడమే దయ. రోజూ చేత్తో నోట్లో పెట్టి లాక్కురావడం పెంచేవారి తృప్తికే తప్ప పిల్లకు సుఖం కాదు.

కత్తెర ముక్కు పెట్ట గుడ్లు తినడానికి పనికొస్తాయి. పొదగేయడానికి మాత్రం వాడకూడదు, పుంజయితే జతకు వదలకూడదు. ఒకే జంట గుడ్లలో మళ్లీ మళ్లీ ఇలాంటి పిల్లలు వస్తుంటే తల్లికోడి మేత, ఇంక్యుబేటర్ వేడి సరిచూసుకోవాలి. అవి సరిగానే ఉంటే ఆ జంటను విడదీయాలి.