బాస్కెట్‌బాల్‌లో తలపాగా: పరికరాల నిబంధన ఏం చెబుతోంది?

చైనాలోని వుహాన్‌లో 2014 జూలైలో జరిగిన ఆసియా కప్ బాస్కెట్‌బాల్ పోటీల్లో భారత క్రీడాకారులు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ తలపాగాలు తీసివేసి ఆడవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడల్లో హిజాబ్ తొలగించేందుకు నిరాకరించిన ఖతర్ మహిళల జట్టు, మంగోలియాతో ఆడకుండానే మ్యాచ్‌ను వదులుకుంది. ఈ రెండు ఘటనలకూ మూలం అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనావళిలోని 4.4 అధికరణం.

మూల సూత్రాలు

క్రీడాకారుడు ధరించేది ఆటకు తగినదై ఉండాలి. ఎత్తును, చేతి అందుబాటును కృత్రిమంగా పెంచేవి, మరే విధంగానైనా అనుచిత ప్రయోజనం కలిగించేవి నిషిద్ధం. ఇతరులకు గాయం చేయగలవి కూడా కూడవు. ఆభరణాలు ధరించరాదు, గోళ్లు కురచగా కత్తిరించుకోవాలి.

గట్టిదనం ఒక్కటే కొలమానం కాదు. వేళ్లకు, మణికట్టుకు, మోచేతికి గట్టి పదార్థంతో చేసిన రక్షణ కవచాలు మెత్తని పొర చుట్టినా చెల్లవు. గాయపడిన ముక్కుకు మాత్రం గట్టి కవచమైనా అనుమతిస్తారు. ఇతరులకు ప్రమాదం లేని కళ్లద్దాలకూ అభ్యంతరం లేదు.

మారిన నిబంధన

అప్పటి నిబంధనావళి తల కప్పుకునే వస్త్రాలను ఆభరణాలతో పాటు నిషిద్ధ జాబితాలో చేర్చింది. దీంతో అవి ప్రమాదకరమా కాదా అని రిఫరీ పరిశీలించే అవకాశమే లేకపోయింది. విమర్శల నేపథ్యంలో 2017 మే నెలలో హాంకాంగ్‌లో సమావేశమైన ఫిబా మహాసభ కొత్త నిబంధనను ఆమోదించింది. అది 2017 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

దాని ప్రకారం తల కప్పుకునే వస్త్రం ముఖాన్ని ఏ మేరకూ కప్పరాదు. ధరించినవారికి గాని, ఇతరులకు గాని ప్రమాదం కలిగించరాదు. ముఖం, మెడ చుట్టూ తెరిచి మూసే అమరికలు, పైకి పొడుచుకు వచ్చే భాగాలు ఉండరాదు. జట్టులో ఇలాంటివి ధరించేవారందరికీ ఒకే రంగు ఉండాలి.

రిఫరీ పాత్ర

పరికరాలను పరిశీలించి ఆమోదించే అధికారం ప్రధాన రిఫరీది. నిబంధనల్లో స్పష్టంగా లేని అంశంపైనా నిర్ణయం ఆయనదే. వస్తువు అరుదైనదన్నది అభ్యంతరానికి కారణం కాదు. దాని వల్ల ఎవరికైనా హాని లేదా అనుచిత లాభం కలుగుతుందా అన్నదే ప్రశ్న. తలపాగాను అదే కొలమానంతో చూడడానికి నిబంధనే మారవలసి వచ్చింది.