సూర్ పాటగాడు

ఆ మొద్దు కొంచెం ఇటు జరుపురా కొడుకా, పొగంత మీ అవ్వ దిక్కే కొడుతున్నది. ఆఁ, గట్ల. ఇగ ఇనుండ్రి. మస్కట్ ముచ్చట చెప్పుమంటె మీరు ఎప్పుడు అరబ్బు సేటు, కంపెనీ క్యాంపు, ఎండ, ఒంటెలు, గివ్వే అడుగుతరు. ఇయ్యాల ఒక పాటగాని ముచ్చట చెప్త. ఆయనను నేను కండ్లతోని చూడలె. నేను ఆ దేశం పొయ్యేటాళ్లకే ఆయన కాలం జేసిండు. గని ఆయన గొంతు ఇన్నేండ్లైనా నా చెవుల్ల ఉన్నది. పేరు సాలిం రాషిద్ సూరి.

మనోళ్లు ఒమన్ దేశం మొత్తాన్ని మస్కట్ అనే అంటరు. నేనున్నది మస్కట్ పట్నంల కాదు, సూర్‌ల. సముద్రం ఒడ్డున ఊరు. అప్పుడు మస్కట్ నుంచి పోవాలంటె లోపలి గుట్టలు తిరిగి పోవాలె. వడ్ల పనోన్ని గద, తలుపులు కిటికీలు జేసే కార్ఖానల పెట్టుకున్నరు. శుక్రవారం సెలవు. తోటోళ్లు గదిల పండుకుంటె నేను పడవలు కట్టే కాడికి పొయ్యి కూసుంటుంటి. చేతిపని తెలిసినోనికి అది చూస్తె ఆకలి యాదికి రాదు. కాగితం మీద గీత ఉండదు, లెక్కంత మేస్త్రీ కంట్లనే. ముందుగాల కింది దూలం పెట్టి, దానికి పలకలు వంచి నిలబెడ్తరు. ఆ తర్వాతనే లోపలి వంపు కట్టెలు కూసోబెడ్తరు. పలకకు పలకకు నడుమ సందుల నూనెల నానిన పత్తి పెట్టి, మొండి ఉలితోని టకటక కొట్టి కూరుతరు. నీళ్లు తాకినంక కట్టె ఉబ్బి సందు మూసుకుంటది. టేకు మన మలబారు నుంచి పోయేది. పనోళ్లల్ల మలయాళపోళ్లు ఉండె. ఉలి పట్టిన చేతులు ఏ దేశమైనా ఒక్క తీరుగనే ఉంటయ్, అందుకే నాకు ఆడ పరాయితనం అనిపించకపోయేది.

ఆడనే నీడకు ఒక ముసలాయన కూసోని పనోళ్లకు తప్పులు చెప్తుండె. చిన్నప్పుడు ఓడల మీద తిరిగినోడు. హిందీ ధారాళంగ మాట్లాడుతుండె. నన్ను పిలిచి చాయ్ పోసి, పక్కనున్న టేపు రికార్డర్‌ల క్యాసెట్ ఏసిండు. ముందుగాల ఊద్ ఒక్కటే మోగింది. ఊద్ అంటె పొట్ట లావుగ, మెడ పొట్టిగ, తల వెనుకకు విరిగినట్టుండే తంత్రుల వాద్యం. దాని వెంబడి మిర్వాస్ అందుకున్నది. అది చిన్న డోలు, రెండు దిక్కుల తోలు, ఒక చేత పట్టుకొని ఇంకో చేతి వేళ్లతోని కొడతరు. నడుమ నడుమ చప్పట్లు. ఊకె చప్పట్లు గావు, ఒకడు కొట్టి విడిచిన సందుల ఇంకొకడు కొడతడు, ఇద్దరి చప్పట్లు కలిసి ఒక్క తాళమైతయ్. గా తీరు పాటను సౌత్ అంటరు. కువైట్, బహ్రెయిన్ దిక్కు రేవుల్ల పుట్టి పెరిగిన పాట.

నాకు అరబ్బీ పని కాడి మందమే వచ్చు. పాట అర్థం గాకున్నా గొంతు పట్టుకున్నది. ఇంటుండంగ ఇంటుండంగ నడుమల హిందుస్తానీ మాటలు ఇనవడ్డయ్. ఉలిక్కిపడ్డ. "ఈయన మనోడా ఏంది చాచా?" అని అడిగిన. ముసలాయన నవ్విండు. "సూర్ పోరడే. బొంబాయి నీళ్లు తాగినోడు" అన్నడు.

సాలిం 1910ల సూర్‌ల పుట్టిండు. ఆ ఊర్ల మొగపిల్లగాడు పుట్టిండంటె ఓడ ఎక్కుడే. చలికాలం గాలి లేవంగనే ఖర్జూరం నింపుకొని ఆఫ్రికా దిక్కు జంజిబారు పోవుడు, గాలి మర్లంగనే తిరిగి వచ్చుడు. బొంబాయి, మలబారు ఇంకో తొవ్వ. ఓడ మీద పాట లేనిదే పని నడువది. తెరచాప ఎత్తంగ పాట, లంగరు గుంజంగ పాట. ఆ పాటను ఎవ్వరు తప్పు పట్టరు. అదే ఊద్ చేతవట్టి నేను పాటగాన్నైత అంటె మాత్రం ఇంటిల్లిపాదికి నామోషీ. మన దిక్కు పెద్దింటి పోరడు భాగోతుల వెంట పోత అంటె ఇంట్ల ఎంత లొల్లి అయితుండెనో మీ అవ్వను అడుగుండ్రి, గంతే. సాలిం ఇంట్ల గూడ ఒప్పుకోలె. ఆయన గూడ ఇడిసిపెట్టలె. ఓడనే ఇల్లు జేసుకున్నడు. అందుకే ఆయనను పాడే నావికుడు అని పిలుస్తరు. అరబ్బు దేశాలల్ల ఇప్పటికీ అదే పేరు.

తిరిగి తిరిగి బొంబాయిల తేలిండు. ఓడల్ల బాయిలర్ కాడ కొలువు జేసిండని, తర్వాత బొంబాయిల అరబ్బు యాపారులకు దలాలిగ, దుబాసిగ ఉన్నడని ముసలాయన చెప్పేది. మీరు ఇది మంచిగ ఇనాలె. అరబ్బుల దగ్గర ఎప్పటికీ పైసలే అనుకుంటరు మీరు. ఒమన్‌ల నూనె అమ్ముడు మొదలైంది 1967ల. అంతకు ముందు బతుకుదెరువు అంటె వాళ్లకు బొంబాయి. ముత్యాలు అమ్మాలన్నా, బియ్యం బట్టలు కొనాలన్నా, రోగమొస్తె దవాఖానకైనా బొంబాయే. అక్కడ చెల్లింది గూడ మన రూపాయే. 1959ల మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమని వేరే నోట్లు అచ్చేసింది, ఒమన్‌ల అవి 1970 దాక నడిచినయ్. మనం జగిత్యాల నుంచి బస్సెక్కి బొంబాయి పోయి, అక్కడ విమానం ఎక్కి మస్కట్ పోయినం. వాళ్లు ఓడెక్కి ఆ బొంబాయికే వచ్చి ఇరుకు గదుల్ల ఉన్నరు. ఈ ముచ్చట తెలిసిననాటి నుంచి నేను ఆ దేశంల ఎవ్వరి ముందట తల దించలె.

పాటకు గూడ బొంబాయే బడి. సాలిం కంటె చానా ముందు అబ్దుల్లా అల్ ఫరజ్ అని కువైట్ ఆయన, 1836ల పుట్టినోడు, సౌత్‌కు ఆదిగురువు అంటరు. ఆయన సంగీతం నేర్చుకున్నది బొంబాయిలనే. అందుకే ఆ పాటల మన గాలి ఉంటది. సాలిం దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకపోయి ఉర్దూ మాటలనే పాటలకు తెచ్చిండు.

రికార్డులిచ్చుడు గూడ 1930లల్ల బొంబాయిలనే మొదలైంది. మీకు రికార్డు అంటె తెల్వది. నల్లగ, పళ్లెమంత ఉంటది. దేనితోని జేస్తరో ఎరుకనా? లక్కతోని. మన అడవుల మోదుగు కొమ్మలకు, రేగు కొమ్మలకు పురుగు పట్టి గట్టిగ పొక్కు కడుతది సూడు, గదే లక్క. మీ అవ్వ చేతి గాజులల్ల ఉన్నది గదే. అప్పట్ల లోకమంతటికి లక్క ఎక్కువ మన దేశం నుంచే పోయేది. కొమ్మల నుంచి గీకి, కడిగి, కరగవెట్టి, రాతిపొడి కలిపి, అచ్చుల ఒత్తితె రికార్డు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతది. పెట్టెకు చావి ఇచ్చి, ఉక్కు సూది దించాలె. సూది జల్ది అరుగుతది, మాటిమాటికి మార్చాలె. కింద వడిందా, పెంకులే.

ఒక్క దిక్కు మూడు నిమిషాల పై కొద్దిగ వస్తది, అంతకన్న పట్టది. సౌత్ పాట ఏమో రాత్రి తిండి తిన్నంక మొదలైతె ఎప్పుడు ఆగుతదో చెప్పరాదు. నడుమల ఇద్దరిద్దరు లేచి ఆడుతరు, ఎగిరి దుంకుతరు, మల్ల కూసుంటరు, పాట మల్ల మొదటికొస్తది. దాన్ని మూడు నిమిషాలల్ల పట్టియ్యాలె. ఏది ఉంచాలె, ఏది ఇడువాలె? దప్పు కొట్టినా, ఉలి పట్టినా గది తెలిసినోడే పనోడు. సాలిం పాట ఇంటె ఎక్కడా ఉరికినట్టు ఉండదు. ఊద్ తీగె మీటి, గొంతు ఎత్తి, తాళం పట్టి, అచ్చం నిండు కచేరి ముందట కూసున్నట్టే చేస్తడు. ఈ గుణం నాకు ఆయనల అన్నిటికంటె పెద్దగ అనిపిస్తది.

కొన్నేండ్లకు బొంబాయి ఇడిసి బహ్రెయిన్ పోయిండు. ఆడ సాలింఫోన్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టిండు. పాట పాడుతనంటె ఇంట్ల నామోషీ అన్న పోరని పేరు రికార్డు మీద పడ్డది.

మరి సొంత దేశం ఎందుకు పోలె అంటవా? అప్పటి ఒమన్ వేరు. సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ కాలం. పొద్దు గూకినంక మూడు గంటలకు మస్కట్ కోట దర్వాజలు మూస్తుండిరి. ఆ తర్వాత గల్లీల నడవాలంటె చేతిల లాంతరు ఉండాలె. దేశంల రేడియో లేదు. 1970 జులై 23న ఆయన కొడుకు కాబూస్ గద్దెనెక్కిండు. వారానికి, జులై 30న, రేడియో మొదలైంది. బయట దేశాలల్ల ఉన్న ఒమన్ బిడ్డలంత రాండ్రి అని పిలుపు పోయింది. మరుసటేడు, 1971ల, సాలిం తిరిగొచ్చిండు. సుల్తాన్ ఆయనను సంస్కృతి వ్యవహారాలకు సలహాదారుగ పెట్టుకున్నడు. 1979ల కాలం జేసిండు. ఇంటికాడ గౌరవంగ గడిపింది ఎనిమిదేండ్లే. అవన్న దక్కినయ్, అది గూడ దక్కని పాటగాళ్లు ఎందరో.

సూర్ ఊరోళ్లకు పాత వస్తువంటె పాణం. 1951ల ఆడనే కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే పెద్ద ఓడ ఉండె, యెమెన్ దిక్కు అమ్ముడుపోయింది. చందాలు ఏసుకొని 1993ల మల్ల ఊరికి తెచ్చుకున్నరు. వెనుక భాగం మీద చెక్కిన పని చూసి నేను నిలబడ్డకాన్నే ఉండిపోయిన. పాటలకు గూడ మస్కట్‌ల 1983లనే ఒక కేంద్రం పెట్టిండ్రు, ఊరూరు తిరిగి పాత పాటలు రికార్డు జేస్తరు, ఆటలు ఫొటోలు తీస్తరు, రాసి దాచిపెడ్తరు. అది మంచి పని.

మన క్యాంపు గదిల సిరిసిల్ల దిక్కు పిల్లగాడు ఒకడు ఉండె. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం గిన్నె మీద తాళం ఏసుకుంట పాటలు కడుతుండె. బిడ్డ పుట్టిందని ఉత్తరం వస్తె ఒకటి, ఊర్ల కరువు వచ్చిందంటె ఒకటి. అరబ్బీ మాటలు, హిందీ మాటలు, మన మాటలు అన్ని కలిసేది. అందరం చుట్టు కూసోని ఇంటుంటిమి. నా దగ్గర టేపు రికార్డర్ ఉండె, ఖాళీ క్యాసెట్లు బజార్ల దొరుకుతుండె. ఒక్కరికీ ఆ సోయి రాలె. ఆ పాటలు ఆ గదిలనే పోయినయ్. సాలిం పాట ఇన్నప్పుడల్ల వాడు యాదికొస్తడు.

ఫోన్ ఉన్నది గద నీ చేతిల, తియ్యి. సాలిం రాషిద్ సూరి అని కొట్టు. పాత రికార్డు నుంచి తీసింది దొరికితె గరగర వస్తది, అట్లనే ఇనుండ్రి, చప్పుడు పెంచకుండ్రి. ముందు మిర్వాస్ ఎక్కడ పడుతున్నదో పట్టుకో. తర్వాత చప్పట్లు ఎవరి తర్వాత ఎవరు కొడుతున్నరో చూడు. హిందుస్తానీ మాట వచ్చినకాడ నాకు చెప్పు. ఒక్కసారికి ఒంటవట్టది, రెండోసారి పెట్టు.